కడెం మీద పసుపు

నారాయణఖేడ్
24 మార్చి 2025

తమ్ముడు మత్తయికి,

ఈ ఉత్తరం అందేసరికి నువ్వూ మరదలూ చల్లగా ఉండాలని ప్రభువును అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను. పీటర్ ఇంట్లోనే ఉన్నాడు, బాగున్నాడని మాత్రం రాయలేను.

ఫోను చేస్తే నీ తాలింలో కుస్తీ పిల్లల కేకలే వినబడతాయి. నువ్వు "ఆఁ అక్కా, ఆఁ అక్కా" అంటూ మధ్యలో ఇంకెవరినో తిడుతుంటావు. నాన్న మనకు అలవాటు చేసిన ఉత్తరమే నాకు నిమ్మళం. బీదర్ బస్సు కండక్టర్ దశరథ్ మన వాడకట్టు మనిషే కాబట్టి సాయంత్రానికల్లా నీ చేతిలో ఉంటుంది.

పీటర్ నీ దగ్గర నుండి వచ్చి చొక్కా విప్పినప్పుడు చూశాను. కుడి చంక నుండి మోచేతి దాకా నేరేడు పండ్లు పిసికినట్టు నల్లగా కమిలింది. బెంచి మీద పడుకుని ఇనుప రాడ్డు ఎత్తుతుంటే రొమ్ము కండ పట్టేసిందని నువ్వు ముందే ఫోనులో చెప్పావు కాబట్టి నేను వాణ్ణి ఏమీ గుచ్చి అడగలేదు. "నొప్పి ఉందా బిడ్డా?" అంటే "లేదమ్మా" అంటాడు. అని, నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూస్తాడు.

నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే ఉన్నాను. వాళ్ల నాన్న పోయాక పీటర్ కుడి చెయ్యి తీసి నీ చేతిలో పెట్టినప్పుడు నేను అడిగింది ఒక్కటే. కుస్తీ నేర్పు, ఒంటికి బలం రానీ, రేపు ఏదైనా బడిలో డ్రిల్లు సారు అవుతాడు. కానీ బోరంచ జాతర బరిలో మాత్రం దింపకు. అక్కడ పోచమ్మ పేరు మీద పసుపు పూసి, గెలిచినవాడికి వెండి కడెం తొడుగుతారు. వాళ్ల భక్తి వాళ్లది, నేను చిన్నచూపు చూడను. మా అంగన్‌వాడీలో ఆయా చంద్రమ్మ ఆ తల్లికి మొక్కకుండా పొయ్యి వెలిగించదు, ఆమె వండిన అన్నమే నేనూ తింటాను. మన బాప్తిస్మం మనది, అంతే. ఇన్నేళ్లూ ఆ మాట నిలబెట్టావు. తల్లి మాట లేనిదే నీ పిల్లలెవరూ బరిలో కాలు పెట్టరన్న నీ కట్టుబాటు గురించి మొన్న స్త్రీల సమాజంలో చెప్పాను. పాస్టరయ్య కూడా మెచ్చుకున్నారు.

ఈస్టరు ముందు శ్రమల దినాలు కదా, శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాను. నీ తాలిం పిల్లల కోసం కూడా ప్రార్థిస్తున్నాను. పీటర్‌ను దవాఖానకు తీసుకుపోవాలా వద్దా, అది రాయి.

నీ మేలు కోరే అక్క,
సలోమి


బీదర్
28 మార్చి 2025

సలోమి అక్కకు తమ్ముడు మత్తయి వందనాలు.

నీ ఉత్తరం ఇచ్చుకుంట దశరథ్ "ఏంది ఉస్తాద్, మీ అక్కకు వాట్సప్ తెల్వదా?" అని నవ్విండు. "నీకు మా నాయిన చేతిల బెత్తం దెబ్బలు తెల్వయి, నడువు" అన్న.

నువ్వు పరేషాన్ కాకు. పహిల్వాన్ ఒంటి మీద నలుపు అంటే అంగీ మీద ముడత లెక్క. నాలుగొద్దులైతే పోతది. నూనెల పసుపు కాచి రాయి. ఉప్పు మూటతోటి కాపడం పెట్టు. దవాఖానకు మాత్రం ఉరకకు. వాళ్లు కట్టు కట్టి మూలకు కూసోబెడ్తరు. డ్రిల్లు సార్ కోర్సు పరీక్షల ఉరకాలె వాడు, దుంకాలె.

ఇంకో మాట. వాన్ని ఊకె అడగకు. ఇంట్ల ఆడోళ్లు దెబ్బ గురించి అడిగితే పహిల్వాన్ మనసు మెత్తబడ్తది. మీ వాడకట్టు కాసింబీ కొడుకు తాహెర్ మీ ఇంటికొస్తే చాయ్ తాపి పంపు, వాని మాటలు పట్టించుకోకు. మా తాలింల వానంత లొడలొడ వాగేటోడు లేడు. గింతదాన్ని గంత చేస్తడు.

బరికి కొత్త ఎర్రమట్టి కొట్టించినం. మజ్జిగ, నూనె పోసి తొక్కుతున్నరు పిల్లలు. మీ మరదలు "నా మజ్జిగ నాకు కాకుండ మట్టికి పోస్తవా" అని లొల్లి. నా కోసం ప్రార్థన చేస్తున్నవు, గది చాలు నాకు.

నీ తమ్ముడు,
మత్తయి ఉస్తాద్


నారాయణఖేడ్
16 ఏప్రిల్ 2025

తమ్ముడు మత్తయికి,

నువ్వు చెప్పినట్టే నూనె రాశాను, కాపడం పెట్టాను. నలుపు పచ్చబడి, అదీ పోయింది. నీ మాట నిజమైందని స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

మొన్న మట్టల ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేసుకుంటున్నాం. ఉక్కగా ఉందని పీటర్ చొక్కా విప్పి కూర్చున్నాడు. ఎప్పుడూ కళ్లు మూసుకునేదాన్ని, ఆ రోజు ఎందుకో చూశాను. వాడు రెండు అరచేతులు జోడించి గట్టిగా ఒత్తినప్పుడు ఎడమ రొమ్ము పలకలా లేచింది. కుడివైపు లేవలేదు. చంక ముందు ఉండే మడతే లేదు. కండ అంతా రొమ్ము నడుమకు ముద్దలా జరిగిపోయింది. వాడు ఆమెన్ అనేదాకా ఆగలేకపోయాను.

ఇక్కడి సర్కారు దవాఖాన డాక్టరు కూడా వాణ్ణి అట్లే చేతులు జోడించి ఒత్తమన్నాడు. చూసి, ఇది మన దగ్గర అయ్యేది కాదు, హైదరాబాదు పొండి అన్నాడు. అక్కడ స్కానింగ్ తీసి, పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. రొమ్ము కండను చేతి ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి పట్టీ ఒకటి ఉంటుందట. అది ఎముక నుండి పూర్తిగా ఊడిపోయింది. బరువులెత్తేవాళ్లకు, కుస్తీ పట్టేవాళ్లకు అవుతుందట. నూనెతో అతుక్కునేది కాదట. తగిలిన రెండు మూడు వారాల్లో తెస్తే లాగి ఎముకకు కుట్టేసేవాళ్లమన్నాడు. ఇప్పుడు కండ ముడుచుకుపోయింది. "లాగితే అందుతుందేమో చూస్తానమ్మా. అందకపోతే మోకాలి వెనక నుండి ఒక పట్టీ తీసి జోడించాలి" అన్నాడు. చెయ్యి మామూలు పనులకు వస్తుంది గాని, కుస్తీ బలం మళ్లీ వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

"ఎట్లా తగిలింది?" అని ఆయన అడిగితే నేనే చెప్పాను, మా తమ్ముడి తాలింలో బెంచి మీద బరువు ఎత్తుతుంటే అని. పీటర్ తల తిప్పి నన్నే చాలాసేపు చూశాడు. తర్వాత "అవును సార్, అమ్మ చెప్పినట్టే" అన్నాడు. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఇంతమంది ఒళ్లు తోమి, విరుపులు సరిచేసినవాడివి, నీకు అనుమానం కూడా రాలేదా అని మనసు అడుగుతుంది. తమ్ముడు డాక్టరు కాదు కదా అని మళ్లీ నేనే సర్ది చెప్పుకుంటున్నాను.

ఒక నవ్వు మాట కూడా రాస్తాను, లేకపోతే ఈ ఉత్తరం బరువుకు దశరథ్ బస్సు ఆగిపోతుంది. రంజాన్ నాడు కాసింబీ షీర్ ఖుర్మా తెచ్చి, "నీ కొడుకు ఊరి పేరు నిలబెట్టిండు సలోమీ" అని నా బుగ్గలు పుణికింది. డిగ్రీ పాసైతే ఊరి పేరు నిలబడుతుందా అని నవ్వాను. "నీకు బయటికి చెప్పుకోవాలంటే సిగ్గు, నాకు తెలుసులే" అని కన్ను గీటింది. ఆమె ఎప్పుడూ అంతే.

ఆపరేషన్ ఈస్టరు తర్వాత గురువారం. నువ్వు వచ్చి వాడి పక్కన నిలబడు. వాడికి తండ్రివైనా, మామవైనా నువ్వే.

నీ అక్క,
సలోమి


బీదర్
19 ఏప్రిల్ 2025

సలోమి అక్కకు,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం దిగలే. ఆపరేషన్ అంటే భయమే. కానీ నేను రాలేను. గురువారం నాడే హుమ్నాబాద్ దిక్కు కుస్తీలున్నయి, పిల్లల్ని తోల్కపోతనని మాట ఇచ్చిన.

మోకాలి పట్టీ తీసి రొమ్ముకు ఏస్తరా? ఇంటి దూలం పీకి పశువుల కొట్టానికి ఏసినట్టున్నది వాళ్ల కథ. ఇంకో డాక్టరుకు చూపియ్యరాదు? నాకు అనుమానం రాలేదా అన్నవు. నా కండ్లల్ల మిషన్ ఉన్నదా అక్కా, లోపల తెగింది చూసెటందుకు? ఇక్కడ చూపిస్తే వాళ్లు కూడ ఏం లేదన్నరు.

మత్తుమందు ఇచ్చినంక మనుషులు ఏవేవో మాట్లాడుతరు. పీటర్ ఏదన్న అంటే మనసుల పెట్టుకోకు. తాహెర్‌ను తోడు తీస్కపోకు, వాడు దవాఖానల నిన్ను ఇంకింత భయపెడ్తడు.

నీ తమ్ముడు,
మత్తయి


హైదరాబాదు, దవాఖాన
24 ఏప్రిల్ 2025

మత్తయికి,

పీటర్‌ను లోపలికి తీసుకుపోయి చాలాసేపయింది. నేను వద్దన్నా వినకుండా తాహెర్ మాతో వచ్చాడు. వాడి దగ్గరే ఈ కాగితాలు, పెన్ను తీసుకుని రాస్తున్నాను.

ఆపరేషన్ బట్టలు తొడిగాక నర్సమ్మ వాడి చొక్కా, ప్యాంటు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వాటి మీద రుమాలు మూట ఒకటి పెట్టి, "ఇది భద్రమమ్మా. అమ్మకే ఇవ్వండి, ఆమెకు తెలుసు అన్నాడు మీ అబ్బాయి" అంది. నాకేం తెలుసు అనుకుంటూ విప్పాను.

వెండి కడెం. మెలి తిప్పిన కడెం. మెలికల సందుల్లో పసుపు ఎండి ఉంది.

ఖేడ్‌లో పుట్టి పెరిగినదాన్ని. అది ఎక్కడి కడెమో ఎవరూ చెప్పక్కర్లేదు.

తాహెర్ ఎదురుగా నిలబడి చాయ్ తాగుతున్నాడు. కడెం చూపించి "ఇదేంది తాహెర్?" అన్నాను.

"అయ్యో, గదేంది పెద్దమ్మా, మనోడు గెలిచిన కడెమే."

"ఎప్పుడు?"

"జాతర ఆదివారం. నాగల్‌గిద్ద దత్తును ఎత్తేసిండు గద. మా అమ్మీ మీ ఇంటికి ఖుర్మా తెచ్చింది గందుకే." నా మొహం చూసి వాడి చేతిలో చాయ్ ఒలికింది. "నీకు తెల్వదా? అల్లా తోడు, నీకు తెలుసనుకున్న. అందరం గట్లే అనుకున్నం."

తెలియదన్నాను. ఇక వాడు ఏడుస్తూ చెప్పాడు. జాతరకు ముందే తాలింలో పీటర్ రొమ్ము కండ పట్టుకుపోయిందట. నువ్వే బీదర్‌లో డాక్టరుకు చూపించావట. పట్టీ సగం చినిగింది, కుస్తీ మాట ఎత్తొద్దు, బరిలో దిగితే మొత్తం ఊడుతుంది అని ఆయన తాహెర్ ముందే నీకు చెప్పాడట. అయినా జాతర పెద్దలకు మాట ఇచ్చానని దింపావట.

"బరి కాడ పీటర్ దిగనన్నడు పెద్దమ్మా. ఉస్తాద్ వాని చెవుల ఏదో చెప్పిండు. వాడు తల ఊపి దిగిండు. దత్తును ఎత్తి ఏసేటప్పుడు కొత్త బట్ట చింపినట్టు సప్పుడైంది. నేను నిలబడ్డ కాడి దాక ఇనబడ్డది. జనం అరుస్తున్నరు, వాడు కడెం తొడిగించుకుంట పండ్లు కొరుకుతుండు."

ఇక్కడ చూపిస్తే ఏం లేదన్నారని మొన్ననే రాశావు. నీకు అంతా తెలుసు. తెలిసే నూనె రాయమన్నావు. తెలిసే దవాఖానకు పోవద్దన్నావు. పట్టీ లోపల ముడుచుకుపోతుంటే నేను పైన పసుపు రాస్తూ కూర్చున్నాను. నా చేతులతో నా కొడుకు రోజులు పోగొట్టించావు.

ఇక వాడు. ఆ డాక్టరు ముందు "అమ్మ చెప్పినట్టే" అన్నవాడు. నా పక్కన కూర్చుని రోజూ ప్రార్థన చేసినవాడు. నేను పెట్టిన ఒక్క మాట దాటి, కడెం రుమాలులో చుట్టి దాచుకుని, "ఆమెకు తెలుసు" అని నర్సమ్మతో ఎగతాళి చేశాడా? లోపల వాడి రొమ్ము కోస్తున్నారు. ఇక్కడ నేను వాడి కోసం ప్రార్థించాలో, వాడు చేసిన మోసానికి ఏడవాలో తెలియక కాగితం నింపుతున్నాను.

ఫోను చేయకు. ఫోనులో నీ గొంతు వింటే నేను మెత్తబడతానని నీకు తెలుసు. రాయి. నీ చేతితో రాయి.

సలోమి


బీదర్
29 ఏప్రిల్ 2025

అక్కా,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తుతలేవు. తాహెర్‌ను తాలింల అడుగు పెట్టనియ్య.

నేను దొంగతనం చెయ్యలే, ఎవ్వల్ని చంపలే. జాతర పెద్దలకు మాట ఇచ్చిన. కడెం కుస్తీకి మా తాలిం నుంచి ఎవ్వరు దిగకపోతే దత్తు వాళ్ల ఉస్తాద్ మైకుల "బీదరోళ్లు గాజులు తొడుక్కున్నరు" అని అన్నడు. అందరి ముందట అన్నడు. నీకు గా మాట ఎంత కాలుతదో తెల్వదు.

నీ కొడుకు చిన్నపిల్లగాడు కాదు. మీసాలొచ్చినయి. వాడే దిగుతనన్నడు, వాడే అమ్మకు చెప్పకు మామా అన్నడు. ఎందుకు చెప్పొద్దన్నడో నిన్ను నువ్వు అడుగు. నువ్వు జాతర అంటేనే మొహం తిప్పుకుంటవు. నీకు భయపడి దాచినం. నీకు గంత పట్టింపు లేకపోతే తెల్లారే దవాఖానకు పోతుంటిమి. తప్పంత నా మీదికి నెట్టకు.

వాడు ఎట్లున్నడు? గదొక్కటి రాయి.

మత్తయి


నారాయణఖేడ్
9 మే 2025

మత్తయికి,

వాడు ఎట్లున్నాడని అడిగావు కాబట్టి ముందు అది రాస్తాను. లాగితే అందలేదు. మోకాలి వెనక పట్టీ తీసి జోడించి, ఎముకకు కుట్టారు. కుడి చెయ్యి మెడకు వేసిన పట్టీలో కట్టి ఉంది. ఇంకా నెల దాకా దాన్ని ఎత్తకూడదు. తర్వాత మెల్లగా కదపడం నేర్పిస్తారు. డ్రిల్లు సారు పరీక్ష ఈ ఏడాదికి పోయింది. కుస్తీ సంగతి డాక్టరు మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

నీ ఉత్తరం వచ్చాక మూడు పూటలు వాడితో మాట్లాడలేదు. గంజి తాగించాను, తల దువ్వాను, మాట మాత్రం రాలేదు. చివరికి కడెం తెచ్చి వాడి ఎడమ చేతిలో పెట్టి, "నన్ను ఎందుకు మోసం చేశావు బిడ్డా?" అన్నాను.

వాడు బిత్తరపోయి చూశాడు. "మోసమేందమ్మా? ఒప్పుకున్నది నువ్వే గద."

"నేనేం ఒప్పుకున్నాను?"

"జాతర కుస్తీకి. మామ నీకు ఫోన్ చేసిండట గద. నువ్వు ముందుగాల ఏడ్చి, తర్వాత మాట ఇచ్చినవట గద."

బరి దగ్గర నువ్వు వాడి చెవిలో చెప్పింది అప్పుడు చెప్పాడు. "మామా, చెయ్యి లేస్తలేదు, నేను దిగ" అని వాడంటే, "మీ అమ్మ మాట ఇచ్చిందిరా. నీ కోసం ఉపవాసమున్నది, పొద్దటి సంది మోకాళ్ల మీదున్నది. ఇప్పుడు ఎనక్కి తిరిగితే ఆమె ప్రార్థన మీద నీకు నమ్మకం లేనట్టే" అన్నావట.

మత్తయీ, ఆ మాటను వాడితో మళ్లీ చెప్పించుకుని విన్నాను.

మోకాళ్ల మీద ఉన్న మాట నిజమే. ఆ ఆదివారం చర్చిలో నీ తాలిం కోసమే మోకరించాను. నువ్వు ఆ మోకాళ్లను తీసుకుపోయి నా కొడుకును తోయడానికి వాడుకున్నావు.

ఇంటికి పోయాక అమ్మ ముందు ఆ ముచ్చట ఎత్తొద్దని కూడా నువ్వే చెప్పావట. సమాజంలో పెద్ద మనిషి, నా ముందు ఒప్పుకుంది గాని నలుగురిలో అనలేదు, నువ్వు ఎత్తితే సిగ్గుతో చస్తది అన్నావట. అందుకే వాడు నోరు మూసుకున్నాడు. నువ్వు చెప్పావని నేను వాణ్ణి అడగలేదు, నువ్వు చెప్పావని వాడు నాకు చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద కూర్చుని ఒకరి పరువు ఒకరం కాపాడుతున్నామనుకున్నాం. వాడి రొమ్ము లోపల పట్టీ ముడుచుకుపోతూనే ఉంది.

నేను డాక్టరుకు బెంచి మీద తగిలిందని చెప్పినప్పుడు వాడు చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. "నువ్వు నా కోసం అబద్ధమాడినవు అనుకున్న అమ్మా. ఎన్నడు అబద్ధమాడని దానివి. అమ్మతోటి అబద్ధం కూడ ఆడించిన అని నాకు చెయ్యి నొప్పి కంటె అదే ఎక్కువైంది" అన్నాడు. కడెం నర్సమ్మకు ఇచ్చి "ఆమెకు తెలుసు" అన్నది కూడా అందుకే. నేను మాట ఇస్తే గెలిచింది కాబట్టి అది నాదే అనుకున్నాడు.

ఇంత జరిగినా వాడు నిన్ను ఒక్క మాట అనలేదు. "మామకు మైకుల మాట పడలేదమ్మా" అని ఊరుకున్నాడు. వాడే దిగుతానన్నాడని నువ్వు రాసిన ఉత్తరం నేను వాడికి చూపించలేదు. చూపిస్తే వాడికి మామ అనేవాడు ఉండడు.

కడెం దశరథ్‌కు ఇచ్చి పంపుతున్నాను. పసుపు కడగలేదు. అది ఆ తల్లిని నమ్ముకున్నవాళ్లది, తుడిచే హక్కు నాకు లేదు. చంద్రమ్మకు ఈ సంగతి చెబితే, "చినిగిన చెయ్యిని మా పోచమ్మ పేరు మీద దింపిండా, ఆమె ముందట కూడ మోసమేనా?" అని ముక్కున వేలేసుకుంది. నువ్వు మా దేవునికీ వాళ్ల తల్లికీ కూడా మొహం చూపించలేని పని చేశావు.

నాకు క్షమాపణ రాయకు. ఒక్క పని చెయ్యి. నీ తాలిం పిల్లలందరినీ బరి చుట్టూ కూర్చోబెట్టి, సలోమి మాట ఇవ్వలేదు, నేనే అబద్ధం చెప్పాను అని చెప్పు. తాహెర్‌ను కూడా పిలిచి కూర్చోబెట్టు. ఇకముందు ఏ పిల్లవాడినైనా దింపాలంటే వాడి తల్లి గడప దాకా నువ్వే నడిచి పోయి అడుగు. ఆమె మాట ఆమె నోటితోనే విను.

నువ్వు ఇంటికి వస్తే తలుపు తీస్తాను. అన్నం పెడతాను. అంతకు మించి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు.

ఇవాళ శుక్రవారం. పీటర్ రెండు చేతులు జోడించలేడు. ఎడమ అరచెయ్యి ఎత్తి నా ముందు పెట్టాడు. నేను నా కుడి అరచెయ్యి దానికి ఆనించాను. అట్లా ఇద్దరి చేతులతో ఒక ప్రార్థన చేసుకున్నాం. నీ పేరు వచ్చే చోటికి వచ్చి ఆగిపోయాం. వాడే ముందు పలికాడు.

నేను ఇంకా పలకలేదు.

పీటర్ తల్లి,
సలోమి